పచ్చిపులుసు రోజులు

నవాగామ్‌లో రెండు గదుల ఇంటి ముందు రేకుల పందిరి వేసి సారక్క పద్దెనిమిదేళ్ళుగా మెస్సు నడుపుతోంది. సిరిసిల్ల, జగిత్యాల వైపు నుంచి సూరత్‌కు వచ్చి సాంచాలనే మరమగ్గాల మీద బట్ట నేసే మగవాళ్ళు నలభై మంది దాకా రెండు పూటలా ఆమె చేతి అన్నమే తినేవారు. చేతులతో చేసే పనుల్లో సారక్కకు రానిది లేదు. పప్పులో ఉప్పు చూడకుండానే వేసేది. చీరలకు రాళ్ళు అతికించడం, కుట్టుమిషను విప్పి బిగించడం, సైకిల్ పంక్చరు వేయడం, అన్నీ ఎవరో చేస్తుండగా ఒకసారి చూసి నేర్చుకున్నవే. అందుకే యాభై రెండో యేట ఒక చెక్కపెట్టె తనకు ఎదురు తిరిగేసరికి ఆమె దాన్ని పెద్ద అవమానంగా తీసుకుంది.

ఆ పెట్టె బిక్షపతిది. బిక్షపతి సాంచాల మీద పనివాడు, శనివారం భజనలో హార్మోనియం వాయిస్తాడు. 2020 మార్చిలో లాక్‌డౌన్ పడి సాంచాలు ఆగిపోయాయి. మే నెలలో రైళ్ళు వదలగానే మెస్సులో తినేవాళ్ళంతా మూటలు కట్టుకుని ఊళ్ళకు బయల్దేరారు. బిక్షపతి హార్మోనియం నెత్తిన పెట్టుకుని సారక్క గడపలో నిలబడ్డాడు.

"అక్కా, రైల్ల మనుషులకే జాగ లేదంట. ఈ పెట్టె నీ కాడ వెడ్త. జర పైలం."

"నా గిన్నెల లెక్క చూసుకుంట తియ్. నువ్వు మంచిగ వో."

వాళ్ళు వెళ్ళాక ఇంట్లో మిగిలింది సారక్క, ఆమె భర్త రఘుపతి. రఘుపతి ముప్పై ఏళ్ళు సాంచాల చప్పుడులో పనిచేసి వచ్చాడు. ఎడమ చెవి పూర్తిగా, కుడి చెవి సగం పోయాయి. మాటలు తక్కువ. ఇద్దరికే ఎలా వండాలో సారక్క ఎప్పుడో మరచిపోయింది. రోజూ పన్నెండు మందికి వండి, మిగిలింది వీధిలో పంచి, గిన్నెలు తోమి, తోమినవే మళ్ళీ తోమేది. గిన్నెలు అయిపోయాక కిటికీ ఊచలు తుడిచింది. ఊచలు అయిపోయాక హార్మోనియం మీద దుమ్ము కనబడింది. బట్టతో మెట్లు తుడుస్తుంటే మోచేయి తగిలి తిత్తి కదిలింది. పెట్టె "బే" అంది. సారక్క బట్ట పక్కన పడేసి, ఈసారి కావాలనే ఒక మెట్టు నొక్కింది.

సాయంత్రం బిక్షపతికి ఫోన్ చేసింది.

"తమ్మీ, నీ పెట్టె నాకు నేర్పుతవా?"

"ఫోన్లనా అక్కా?"

"మరి రైలెక్కి వస్తవా?"

బిక్షపతిని ఊళ్ళోకి రానివ్వకుండా బడిలో పద్నాలుగు రోజులు ఉంచారు. గోడ మీద ఎక్కాలు చదువుకోవడం తప్ప అతనికీ వేరే పని లేదు. వెంటనే ఒప్పుకున్నాడు. అయితే ఏ మెట్టు ఏదో ఫోన్లో చెప్పడానికే మొదటి రోజంతా పట్టింది. ఎడమ నుంచి లెక్కపెట్టమని అతనంటే, ఎవరి ఎడమ అని ఆమె. చివరికి సారక్కే ఉపాయం కనిపెట్టింది. తన స్టిక్కర్ బొట్ల అట్ట తెచ్చి ఏడు మెట్ల మీద ఏడు రంగుల బొట్లు అతికించింది.

"సా ఏదక్కా?"

"ఎర్రది."

"రి?"

"నీలిది."

"గట్ల గాదు, పేరు జెప్పాలె."

"పేరెందుకు? వత్తితె సాలదా?"

మూడు వారాలు సాఫీగా సాగింది. పొద్దున పది గంటలకు, స్నానం చేసి, నీళ్ళు కారే జుట్టు ముడేసుకుని పెట్టె ముందు కూర్చునేది. భజనలో మొదట పాడే గణపతి పాట మొదటి వరుస వచ్చేసింది. రెండో వరుసలో సగం వచ్చింది. సూరత్ బజారులో కొత్త కూరగాయను గుర్తుపట్టినంత సులువుగా ఉందని బిక్షపతితో చెప్పుకుంది. అతను కూడా మురిసిపోయి, తన తర్వాత భజనకు తిప్పలు లేవన్నాడు.

జూన్ నెలలో ఒక రోజు పాట ఒక్కసారిగా వంకర పోయింది. ఎంత వాయించినా మధ్యలో ఒక స్వరం కాకిలా అరిచింది. అరగంట కుస్తీ పట్టాక సారక్క వంగి చూసింది. ఉక్కకు వేళ్ళు చెమటపట్టి, తెల్లరాయి బొట్టు వేలికంటుకుని పక్క మెట్టు మీదికి జరిగిపోయింది. బొట్టు సరిచేసింది, పాట సరిపోయింది. రఘుపతికి కూడా చూపించి, "జూసినవా, పెట్టె తప్పు, నాది గాదు" అంది.

అదే ఆమెకు చేటు తెచ్చింది. ఆ తర్వాత పాట చెడిన ప్రతి రోజూ ఎక్కడో ఒక బొట్టు జరిగే ఉంటుందని ఆమె నమ్మకం. వారం తిరక్కుండానే అలాంటి రోజు వచ్చింది. నిన్న నీళ్ళలా పారిన వరుస ఇవాళ గులకరాళ్ళ సంచిలా గలగలలాడింది. ఏడు బొట్లూ చూసింది. ఉన్నచోటే ఉన్నాయి. అప్పుడు వేరే కారణాలు వెతకడం మొదలైంది. తలకు నూనె పెట్టుకున్నందుకేమో అనుకుని మర్నాడు నూనె మానేసింది. పడమర ముఖంగా కూర్చున్నందుకేమోనని తూర్పుకు తిరిగింది. తూర్పున బాత్రూం తలుపు ఉండడంతో మళ్ళీ ఉత్తరానికి తిరిగింది. పైఇంటి స్వరాజ్యం ప్రెషర్ కుక్కర్ కూత తన శ్రుతిని చెడగొడుతోందని, పది నుంచి పదకొండు దాకా కుక్కర్ పెట్టొద్దని చెప్పి వచ్చింది. వాయించేటప్పుడు తుమ్మొద్దని రఘుపతికి చెప్పింది.

"ఎన్నడు తుమ్మిన?" అన్నాడు రఘుపతి.

"ఎన్నడో తుమ్ముతవని జెప్తున్న."

ఏం చేసినా మంచి రోజులు వాటంతటవి వచ్చాయి, చెడ్డ రోజులూ అంతే. చెడ్డ రోజున ఆమె లేచేది కాదు. పాట కుదిరే దాకా ఆ పెట్టెనే పట్టుకుని కూర్చునేది. పాట కుదరకపోగా, వచ్చినవి కూడా పోయేవి. ఆ పూట పప్పులో ఉప్పు రెండుసార్లు పడేది. రఘుపతి తిని, బిందె దగ్గరికి వెళ్ళి మూడు చెంబుల నీళ్ళు తాగేవాడు. సారక్కకు అదీ కోపమే.

"తమ్మీ, నిన్నటిది ఇయ్యాల ఎందుకు రాదు?" అని బిక్షపతిని నిలదీసింది.

"గట్లయితదక్కా."

"ఎందుకయితది?"

"అయితది. అంతే."

ఈ జవాబు ఆమెకు మింగుడు పడలేదు. అన్నం మాడితే మంట ఎక్కువైనట్టు. పెరుగు తోడుకోకపోతే పాలు చల్లారినట్టు. ఊరికే అయ్యేది ఆమె వంటింట్లో ఏదీ లేదు. ఆ కోపంతో ఒక రోజు తిత్తిని పిండి గిర్నీలా ఊపేసరికి మడత దగ్గర జానెడు చిరిగింది.

సారక్క భయపడింది. పరాయి వస్తువు. మైదాపిండి ఉడికించి, చీర ముక్క కత్తిరించి, చిరుగు మీద అతికించింది. పాలిస్టర్ ముక్క సగమే అంటుకుంది. పెట్టె పలికింది కానీ, తిత్తి తెరిచిన ప్రతిసారీ "హు... స్స్", మూసినప్పుడు "ఖొర్ర్" అనేది. గట్టి జ్వరంలో ముసలాయన మూలిగినట్టు ఉండేది ఆ చప్పుడు.

జూలై వచ్చింది. సూరత్‌లో రోగం ముదిరింది. వీధికొకరిని అంబులెన్సులో తీసుకుపోతున్నారు. కార్పొరేషన్ మనుషులు ఇంటింటికీ తిరిగి వేలికి మిషన్ పెట్టి చూస్తున్నారు. అలాంటి రోజుల్లో స్వరాజ్యం తన వంటింట్లో కూర్చుని ఉల్లిగడ్డలు కోస్తుంటే, కింద నుంచి "హు... స్స్, ఖొర్ర్" వినబడింది. పాట లేదు, స్వరం లేదు. ఆ పూట సారక్కకు మెట్లు ముట్టుకోవాలంటేనే అసహ్యం పుట్టి, ఊరికే తిత్తి ఊపుతూ కూర్చుంది. స్వరాజ్యం కత్తి కింద పడేసింది. రఘుపతన్నకు ఆయాసం ఎత్తుకుంది, సారక్క వదినె దాచిపెడుతోంది అనుకుని, కార్పొరేషన్ వాళ్ళు గోడ మీద రాసిపోయిన నెంబరుకు ఫోన్ చేసింది.

గంటలో వ్యాన్ వచ్చింది. తల నుంచి కాలి దాకా తెల్లటి తొడుగుల్లో ఇద్దరు దిగారు. ఒకరు డాక్టరు, ఒకరు సహాయకుడు. సహాయకుడు గుజరాతీ. వాకిట్లో కుర్చీ వేసుకున్న రఘుపతిని చూడగానే, "కాకా, శ్వాస్ లేవామాఁ తక్లీఫ్ ఛే?" అని అరిచాడు. శ్వాస ఆడడం లేదా అని అడుగుతున్నట్టు అతని చేతి సైగే చెబుతోంది. రఘుపతి మర్యాదగా తల ఊపాడు. ఎవరేమన్నా ముందు తల ఊపడం అతని అలవాటు.

"ఏందుల్లా, మా ఆయనను ఏం జేస్తున్నరు?" అంటూ సారక్క వచ్చేసరికి, తొడుగులోంచి ఒక ఆడగొంతు తెలుగులో పలికింది.

"మీరు తెలుగువాళ్ళా అమ్మా? నా పేరు విజేత, డాక్టర్ని. కంగారు పడకండి, నన్ను చూడనివ్వండి." తర్వాత రఘుపతి వైపు వంగి, ముక్కు మీది గుడ్డల్లోంచి గట్టిగా అడిగింది. "ఆయాసం ఎన్నాళ్ళ నుంచి?"

ఆయాసం అన్న మాట రఘుపతి చెవికి సాంచ అని వినబడింది. "ముప్పై ఏండ్ల సంది" అన్నాడు.

"ముప్పై ఏళ్ళా! రాత్రిపూట ఎక్కువగా ఉంటుందా?"

"రాత్రి డూటీ ఓ వారం, పగటి డూటీ ఓ వారం."

విజేత రాసుకోబోయి ఆగింది. "మరీ ఎక్కువైతే ఏం చేస్తారు?"

"ఆపి, నూనె వోస్త."

"నూనె పోస్తారా? ఎక్కడ?"

"సందులల్ల," అన్నాడు రఘుపతి, ఇంత చదువుకున్న పిల్లకు ఇది కూడా తెలియదా అన్నట్టు.

వేలికి పెట్టిన మిషన్ తొంభై ఎనిమిది చూపించింది. విజేత దాన్ని తీసి తన వేలికి పెట్టుకుని చూసి, మళ్ళీ రఘుపతి వేలికి పెట్టింది. మళ్ళీ తొంభై ఎనిమిదే. ఆయాసం చప్పుడు పైఇంటికి వినబడిందని ఫోన్ వచ్చిందని చెప్పేసరికి సారక్కకు సంగతి అర్థమైంది. సిగ్గుతో ఆమె ముఖం చింతపండులా అయింది. లోపలికి వెళ్ళి హార్మోనియం ఎత్తుకొచ్చి, వాకిట్లో పెట్టి, తిత్తి ఒకసారి తెరిచి మూసింది.

"హు... స్స్. ఖొర్ర్."

సహాయకుడు రెండడుగులు వెనక్కి వేశాడు. విజేత నవ్వు ఆపుకోలేక గోడ పట్టుకుంది. మేడమెట్ల మీద కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడ్డ స్వరాజ్యం నెమ్మదిగా పైకి జారుకుంది.

"వాయించండమ్మా, ఒక్క పాట. పొద్దున నుంచి దగ్గులే వింటున్నాను" అంది విజేత.

"ఇయ్యాల వద్దు బిడ్డా. ఇయ్యాల మంచిగ లేదు. నిన్నటి దాక మంచిగనే ఉండె."

విజేత కాస్త దూరంగా అరుగు మీద కూర్చుంది. తాను చిన్నప్పుడు ఆరేళ్ళు వీణ నేర్చుకున్నానని చెప్పింది. "ఒక నెలంతా అలాగే అయిందమ్మా. రోజూ కూర్చోవడం, రోజూ చెడగొట్టడం, ఏడవడం. ఇక రాదులే అని గూటిలో పెట్టేశాను. మళ్ళీ ముట్టుకోలేదు."

సారక్క నోరు తెరిచి చూసింది. "గదేంది? ఓ దినం కూర మాడితే పొయ్యే బంద్ వెడ్తరా?"

"మరి ఏం చేస్తారు?"

"ఏం జేస్తం? నలభై మంది పళ్ళెం ముంగట కూసుండి ఉంటరు. కూర ఎందుకు మాడిందని ముచ్చట పెట్టుకుంట కూసుంటమా? మాడింది పక్కకు వెట్టి, గింత చింతపులుసు పిసికి, ఉల్లిగడ్డ, మిరపకాయ ఏసి పచ్చిపులుసు జేస్త. కండ్లు మూసుకున్నా వస్తది గది. అందరు తిని పోతరు. తెల్లారి మల్ల కూర." ఇంత చెప్పి సారక్క గభాలున ఆగిపోయింది. పెట్టె వంక చూసింది. "ఓర్నీ" అంది.

విజేత వెళ్ళిపోయాక సారక్క వచ్చి ఆ అరుగు మీద కూర్చుంది. పద్దెనిమిదేళ్ళలో ఎన్నోసార్లు పచ్చిపులుసు చేసింది. ఒక్కసారీ ఏడవలేదు.

మర్నాటి నుంచి ఆమె ఒక పద్ధతి పెట్టుకుంది. పాటలో ఒకేచోట మూడుసార్లు తప్పితే ఆ రోజు కూర మాడినట్టే. పాటను పొయ్యి మీది నుంచి దించేయాలి. ఏడు బొట్లూ కింది నుంచి పైకి, పై నుంచి కిందికి, నిదానంగా నాలుగుసార్లు నొక్కాలి. అది కళ్ళు మూసుకున్నా వస్తుంది. తర్వాత పెట్టె మూసి, గుడ్డ కప్పి, లేవాలి. బొట్లు వెతకకూడదు. దిక్కులు మార్చకూడదు.

చెప్పడానికి బాగానే ఉంది కానీ, లేవడం దగ్గరే చిక్కొచ్చింది. లేచిన పావుగంటకు చేతులు దురద పెట్టేవి. ఇంకొక్కసారి చూస్తే కుదురుతుందేమో అని మళ్ళీ తెరిచేది. ఒక రోజు నాలుగుసార్లు మూసి నాలుగుసార్లు తెరిచింది. అయిదోసారి వెళ్ళేసరికి రఘుపతి పెట్టె మీద మందపాటి పీట వేసుకుని, దాని మీద కూర్చుని టీ తాగుతున్నాడు.

"లే."

"వినవడ్త లేదు," అన్నాడు రఘుపతి.

చెడ్డ రోజులు తగ్గలేదు. ఆగస్టులో ఒకే వారంలో నాలుగు వచ్చాయి. కానీ పప్పులో ఉప్పు ఒకసారే పడింది. సాయంత్రం బిక్షపతి ఫోన్ చేసి ఎట్లయిందక్కా అంటే, "ఇయ్యాల పచ్చిపులుసే తమ్మీ" అని చెప్పి, ఊళ్ళో వానల సంగతి అడిగేది. ఒక రోజు బిక్షపతి, "నాకు గూడ గట్లయ్యేదక్కా. నేనైతె తబలా కొట్టెటోణ్ణి తిట్టెటోణ్ణి" అని ఒప్పుకున్నాడు.

దసరా దాటాక ఒక్కొక్కరే తిరిగొచ్చారు. సాంచాలు నడిచాయి, మెస్సులో పళ్ళేలు పెరిగాయి. బిక్షపతి జనవరిలో గానీ రాలేదు. అతను వచ్చిన శనివారమే పందిరి కింద భజన పెట్టుకున్నారు. మాస్కులు గడ్డాల కిందికి లాక్కుని పదిహేను మంది కూర్చున్నారు. బిక్షపతి పెట్టెకు దండం పెట్టి, గణపతి పాట ఎత్తుకున్నాడు. మొదటి వరుసలోనే వేళ్ళు తడబడ్డాయి. మళ్ళీ ఎత్తుకున్నాడు. మళ్ళీ తడబడింది. ఎనిమిది నెలలు అతను పాఠం చెప్పాడే గానీ, వాయించడానికి అతని దగ్గర పెట్టె ఎక్కడిది? ఎవరో కిసుక్కున నవ్వారు. బిక్షపతి ముఖం ఎర్రబడింది. తబలా ముందు కూర్చున్న బక్కయ్య వైపు కోపంగా చూశాడు. బక్కయ్య ఇంకా తబలా మీద చెయ్యే వేయలేదు.

గడప దగ్గర గంటె పట్టుకుని నిలబడ్డ సారక్క ఇదంతా చూసింది. కొంగు దోపుకుని వచ్చి, పెట్టె ముందు వంగింది.

"నా తప్పే తమ్మీ. పొద్దుగాల తుడుస్తుంటె బొట్టు జరిగినట్టుంది," అని, జరగని బొట్టును గోటితో లేపి, ఉన్నచోటే మళ్ళీ అతికించింది.

బిక్షపతి ఆ బొట్టును చూశాడు. ఆమెను చూశాడు. "గదే అనుకుంటున్న" అని గొణిగి, పాట వదిలేసి సరిగమలు మెల్లగా పట్టుకున్నాడు. జనం అవే భజన అనుకుని తాళం వేశారు. కాసేపటికి అతని చెయ్యి దారిన పడింది. ఆ తర్వాత నుంచి మొదటి పాట సారక్క, మిగతావి బిక్షపతి, పెట్టె సారక్క ఇంట్లోనే అని మాటైంది. చిరిగిన తిత్తికి మాత్రం ఆమెను వారం రోజులు తిట్టాడు.

ఏప్రిల్లో రోగం మళ్ళీ తిరగబడి భజన ఆగింది. ఆ ఎండాకాలం అందరూ బతికి బయటపడ్డారు, అంతవరకు చాలు. వానలు మొదలయ్యాక ఒక పొద్దున స్వరాజ్యం మెట్లు దిగి వచ్చి, "వదినె, నాకు గూడ జర నేర్పరాదు" అంది. కార్పొరేషన్ వ్యాన్ సంగతి సారక్క మరచిపోలేదు. అయినా నేర్పుతానంది, ఏడుస్తుంటే చూడొచ్చని.

స్వరాజ్యం ఏడవలేదు. ఆమెకు బొట్లు అక్కర్లేకపోయాయి. మొదటి వరుస రెండు రోజుల్లో పట్టేసింది. సారక్కకు మూడు నెలలు పట్టిన పాట స్వరాజ్యం మూడు వారాల్లో తేల్చేసింది. ఒక్క చెడ్డ రోజు లేదు. సారక్క "మంచిగున్నది, మంచిగున్నది" అంటూనే వంటింట్లోకి వెళ్ళి గిన్నెలు గట్టిగా పెట్టేది. రోజూ పది గంటలకు, ఇవాళైనా చెడుతుందా అని చెవి పెట్టి వినేది. ఇలా కోరుకోవడం తప్పని ఆమెకు తెలుసు. తెలిసీ కోరుకుంది.

నాలుగో వారం మంగళవారం నాడు చెడింది. మామూలుగా చెడలేదు. స్వరాజ్యం వేళ్ళు ఒకదాని మీద ఒకటి ఎక్కాయి. సా ఎక్కడుందో కూడా మరచిపోయింది. సారక్క వంటింట్లో చప్పుడు చేయకుండా నవ్వుకుని, రెండు రొట్టెలు ఎక్కువ వేసి, చేపల కూర వేడి చేసింది. పళ్ళెంలో పెట్టుకుని బయటికి వచ్చేసరికి స్వరాజ్యం మోకాళ్ళలో తల పెట్టుకుని వెక్కి వెక్కి ఏడుస్తోంది. సారక్క నవ్వు ఎక్కడికక్కడ ఆగిపోయింది. పళ్ళెం పక్కన పెట్టి, ఆమె వెనక కూర్చుని వీపు మీద చెయ్యి వేసింది.

"నాకు రాదు వదినె. రేపటి సంది నేను రాను."

"రాకపోతివా, పెట్టె వట్టుకొని నేనే పైకొస్త. నువ్వు వంట జేసుకుంటుంటె నీ నెత్తి మీద వాయిస్త."

స్వరాజ్యం ఏడుస్తూనే నవ్వింది. చేపల కూర ముల్లు తీసి తీసి మొత్తం తింది. మర్నాడు పది కాకముందే దిగి వచ్చి, సారక్క ఇంకా స్నానం చేస్తోందని తెలిసి, గడప మీద కూర్చుని ఎదురుచూసింది.